పెసరట్టులో కనిపించని మునగాకు: పొడుల పెట్టె రివ్యూ

నమస్కారం అండి. నా ముందున్న ఈ పెట్టెను మీరు ఇప్పటికే చాలా వీడియోల్లో చూసి ఉంటారు. మునగాకు పొడి, రాగి పిండి, అవిసె గింజల పొడి, మూడు సంచులు, ఒక చిన్న చెంచా. ధర, బరువు, పోషకాల పట్టిక అన్నీ వీడియో కింద రాశాను కాబట్టి వాటిని ఇక్కడ చదవను. ఈ పెట్టెను తయారీదారులే నాకు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు. వీడియో పెట్టే ముందు తమకు ఒకసారి చూపించమని అడిగారు, కుదరదని చెప్పాను. ఎవరినీ మునగచెట్టు ఎక్కించడానికి ఈ రివ్యూ చేయడం లేదు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘పిల్లలకు తెలియకుండానే పోషణ’ అని రాశారు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి మా ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరు మా అబ్బాయి. ఉప్మాలో కరివేపాకు, పులావులో క్యారెట్ ముక్క, పప్పులో టమాటా తొక్క, ఏది కనిపించినా తీసి పళ్లెం అంచున పేర్చేస్తాడు. రెండోవారు మా మామయ్యగారు. చారులో ధనియాల పొడి మారినా మొదటి ముద్దకే గుర్తుపడతారు. ఈ ఇద్దరి దగ్గర నెగ్గితే ఏ ఇంట్లోనైనా నెగ్గినట్టే.

నేరుగా మునగాకు పొడికే వస్తాను, ఎందుకంటే నాకు ఈ పెట్టెలో ముఖ్యమైనది అదే. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. రంగు చూడండి, ముదురు ఆకుపచ్చ. నీడలో ఆరబెట్టిన ఆకుకు ఈ రంగు నిలుస్తుంది. ఎండలో పడేస్తే పసుపు, గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఆకులోని కెరోటిన్ కూడా తగ్గుతుంది. ఇప్పుడు చిటికెడు తీసుకుని రెండు వేళ్ల మధ్య నలుపుతున్నాను. గరుకు లేదు, పసుపు పొడిలా జారుతోంది. టీ వడకట్టే జల్లెడలో వేసి తట్టాను, పైన దాదాపు ఏమీ మిగల్లేదు.

దీని గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, ఇంతకుముందు వాడిన పొడితో చాలా విసిగిపోయాను. అందులో ఆకుతో పాటు ఈనెలు, కాడలు కూడా కలిపి ఆడించారు. దోసె తింటూ మా అబ్బాయి నోట్లోంచి సన్నని పీచు ఒకటి బయటికి లాగాడు. తర్వాత కొన్ని వారాల పాటు ఏ దోసె పెట్టినా ముందు చింపి, వెలుతురుకు పట్టి చూసి గానీ తినలేదు. పిల్లవాడికి ఒకసారి అనుమానం వచ్చిందంటే మళ్లీ నమ్మించడం ఎంత కష్టమో తల్లులందరికీ తెలుసు. అందుకే ఇలాంటి పొడుల్లో నేను మొదట చూసేది పోషకాల పట్టికను కాదు, మెత్తదనాన్ని.

ఇక వాసన. మూత తీయగానే పచ్చి ఆకు వాసన వస్తుంది, అది తప్పదు. దాన్ని ఎందులో కలపాలన్నదే అసలు విషయం. సంచి వెనక ఇడ్లీ పిండిలో కలపమని రాశారు. దయచేసి అలా చేయకండి. తెల్లటి ఇడ్లీ లేత ఆకుపచ్చగా మారితే చూసిన మరుక్షణమే పళ్లెం వెనక్కి వెళుతుంది. ఇడ్లీలో మసాలా ఏదీ ఉండదు కాబట్టి వాసన దాక్కోవడానికి చోటు కూడా లేదు. పాలలో కూడా కలపమన్నారు, అదీ ఇంతకంటే నయమేమీ కాదు.

మరి ఎందులో కలపాలి? పెసరట్టులో! పొట్టు పెసలతో చేసే పెసరట్టు తనంతట తానే పచ్చగా ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలిసి రుబ్బిన ఘాటు ముందు మునగాకు వాసన నిలవదు. నాలుగు అట్ల పిండికి ఒక చిన్న చెంచాడు పొడి వేశాను. పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచులు కరకరలాడేదాకా కాల్చాను. మా అబ్బాయి రెండు అట్లు తిని, ఇంకో సగం అడిగాడు. మామయ్యగారు ‘ఈసారి అల్లం బాగా పడిందమ్మా’ అన్నారు, అంతే. నా సంతోషం చెప్పలేను. పాలకూర పప్పులో, కొత్తిమీర కారంలో, మెంతికూర చపాతీలో కూడా ఇలాగే కలిసిపోయింది. పచ్చదాన్ని పచ్చదానిలోనే దాచాలి.

నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి 59 నెలల వయసు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. పిల్లలు ఆకుకూర ముట్టకపోతే ‘పెద్దయ్యాక వాడే తింటాడులే’ అని నేను ఊరుకోలేను. మా పుట్టింట్లో ఆషాఢం వస్తే మునగాకు పప్పు చేయాల్సిందే. ఇప్పుడు ఉండేది అపార్ట్‌మెంటు, చెట్టు ఎక్కడుంది, కోసి దూసేదెవరు? అందుకే నాకు పొడి అవసరం. అయితే ఆకులో ఉండే ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది, కానీ ఆరబెట్టినప్పుడు ఆకులోని విటమిన్ సి చాలావరకు పోతుంది. కాబట్టి పెసరట్టు పక్కన ఉల్లిపాయ ముక్కలకు నిమ్మకాయ పిండి పెట్టండి, లేదా తర్వాత ఒక జామకాయ ఇవ్వండి. టిఫిన్ తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, టీ ఇనుమును పట్టనివ్వదు. ఈ ఒక్క వాక్యం సంచి మీద రాయడానికి వాళ్లకు చోటు లేకపోయిందా?

నాకు కోపం తెప్పించినది సంచి మూత. ఒత్తితే అతుక్కునే రకం. రెండుసార్లు తెరిచేసరికి పొడి ఆ గాడిలోకి చేరి ఇక అతుక్కోదు. చూడండి, ఒత్తుతున్నాను, ఈ మూల మళ్లీ విడిపోయింది. మన ఊళ్లలో వర్షాకాలం తేమకు ఇంత మెత్తని పొడి ఇట్టే గడ్డకడుతుంది. అంత శ్రద్ధగా ఆరబెట్టి, జల్లించి, చివరికి ఇలాంటి సంచిలో పోస్తారా? తెచ్చిన రోజే పొడిని గాజు సీసాలోకి మార్చి, వెలుతురు తగలని అల్మరాలో పెట్టండి.

రాగి పిండి బాగుంది, కానీ ప్రత్యేకంగా చెప్పుకోవలసినదేమీ లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అది ఏ రాగులకైనా అంతే. వీధి చివర పిండి మరలో ఆడించుకుంటే ఇంతకంటే చౌక. బెల్లం అట్టులో గోధుమపిండికి సగం రాగి పిండి కలిపితే ఆ రంగు బెల్లం వల్లే వచ్చిందనుకుంటారు.

అవిసె గింజల పొడి నాకు నచ్చలేదు. ఆ గింజల్లో నూనె ఎక్కువ, పొడి చేశాక గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. నాకు వచ్చిన సంచిలో అప్పటికే పాత నూనె వాసన ఉంది. గింజలు కొని దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో కారప్పొడి కొట్టుకుంటే వేడి అన్నంలో నెయ్యితో అందరూ తింటారు. ఇంకో మాట, ఇంటికి వేరే పిల్లలు భోజనానికి వస్తే మీరు ఏం కలిపారో వాళ్ల అమ్మకు తప్పకుండా చెప్పండి. నువ్వులు, వేరుశనగ, అవిసె పడని పిల్లలు ఉంటారు. మన పిల్లల దగ్గర దాచినంత ధీమాగా పక్కింటి పిల్లల దగ్గర దాచకూడదు.

చివరిగా నా నిర్ణయం. పెట్టె మొత్తం కొనమని నేను చెప్పను. మునగాకు పొడిని విడిగా అమ్మితే మాత్రం నా డబ్బు పెట్టి కొంటాను, మీకూ కొనమనే చెబుతాను. విడిగా అమ్మాలని, మూత మార్చాలని తయారీదారులకు రాశాను. వాళ్ల జవాబు రాగానే వీడియో కింద పెడతాను. ఈలోగా పెసలు నానబెట్టండి.