ఒంటె దిగి నడిచాను
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రిటైర్డ్ టీచరు ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న వాళ్ల పేర్లన్నీ చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం. అధ్యక్షులవారు నన్ను తెగ పొగిడారు, ఇప్పుడు నేను ఆయన్ని పొగడాలి. అహో రూపం, అహో ధ్వని! ఆ కథలో ఒంటె వంతు మాత్రం నాది. ఈ సభలో ఒంటె ఎక్కి ఒళ్లు హూనం చేసుకున్నదాన్ని నేనే మరి.

గ్రంథాలయాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక క్షమాపణ. ఒంటె మూపురంలో నీళ్లుంటాయని ఏళ్ల తరబడి నాలుగో తరగతికి చెప్పాను. ఉండవు. అదంతా కొవ్వు. నీళ్లు దొరికితే పావుగంటలో 100 లీటర్లయినా తాగేస్తుంది గానీ మూపురంలో దాచుకోదు. నా దగ్గర చదివినవాళ్లు వెనక వరసలో కనిపిస్తున్నారు. దిద్దుకోండమ్మా.

ఇది నాకు చెప్పింది పుస్తకం కాదు, మొరాకోలో ఒంటెలు తోలే కుర్రాడు. ఈ వారంలో, ఈ గదిలో అనకూడని మాటే అనుకోండి.

మా అమ్మాయి తీసుకెళ్లింది. ఫెజ్ నగరం నుంచి రోజంతా కారులో పోతే సహారా ఎడారి అంచున మెర్జూగా అనే ఊరు. అక్కడి ఎర్గ్ షెబ్బీ ఇసుక దిబ్బలు కొన్ని 150 మీటర్ల ఎత్తుంటాయి. వాటికవతల అల్జీరియా. ఒంటె మూపురం చుట్టూ మెత్తలు పేర్చి, పట్టుకోడానికి ఇనుప కడ్డీ పెడతారు. లేచేటప్పుడు అది వెనక భాగాన్ని ముందు లేపుతుందని నాకెవరూ చెప్పలేదు. వెళ్లి దాని మెడ మీద పడ్డాను. మా అమ్మాయి ఫొటో తీసింది గానీ పట్టుకోలేదు.

అరగంటకే తొడలు పట్టేశాయి. "దింపెయ్ బాబూ" అని తెలుగులోనే అరిచాను. అర్థమైంది అతనికి. మిగతావాళ్లు పైనే ఉన్నారు, నేను చెప్పులు చేత్తో పట్టుకుని అతని పక్కన ఇసుకలో నడిచాను. అసలు సంగతి చూడండి, మేం ఊరేగుతుంటే ఆ పిల్లాడికి రోజూ రానూ పోనూ నడకే. పైనున్నంతసేపూ నాకు అతని తలపాగా తప్ప ముఖం కనబడలేదు.

అతనిదీ నాదీ వచ్చీరాని ఇంగ్లిషే, అందుకే బాగా కుదిరింది. ఇండియా అనగానే షారూఖ్ ఖాన్ అన్నాడు. సరేలే అన్నాను. ఆ కుర్రాడి వాళ్లు అమాజిగ్ జనం, అక్కడి మూలవాసులు. నమస్కారానికి 'అజుల్', నీళ్లకు 'అమన్' అంటారు. ఆగినచోట ఇసుక మీద 'అమన్' అని రాసి చూపించాడు. సున్నా, కొక్కెం, సున్నా, గీత. అంతే! తిఫినాగ్ అట ఆ లిపి పేరు. 2003లో బడుల్లోకి వచ్చింది, 2011లో రాజ్యాంగం వాళ్ల భాషను అధికార భాషను చేసింది. ఇతని చదువప్పుడు అది లేదు. చెల్లెలు బళ్లో నేర్చుకొచ్చి అన్నకు నేర్పిందట.

నేను పక్కనే 'నీళ్లు' అని రాశాను. చుట్టూ తిరిగి చూశాడు. "ఒక్క గీతా తిన్నగా లేదేం?" అని నవ్వాడు. తర్వాత అడిగాడు: "మీ మనవడు కూడా ఇలాగే రాస్తాడా?"

మా మనవడు బెంగళూరులో ఆరో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు. రాయలేడు. ఎడారి మధ్యలో, ముక్కూ మొహం తెలియని పిల్లాడి ముందు అబద్ధమాడాను. "రాస్తాడు" అన్నాను. నేను! తెలుగు అక్షరాలు దిద్దించి జీతం తీసుకున్నదాన్ని. మీ ఇళ్లల్లో ఎలా ఉందో నేనడగను, చేతులెత్తమననూ అనను. తల దించుకోకండి, నావైపు చూడండి.

గుడారం చేరాక పుదీనా టీ పోశాడు, బారెడు ఎత్తు నుంచి, చుక్క తొణక్కుండా. మూడు గ్లాసులు తాగించాడు. మూడోది నాకు గొంతు దిగలేదు.

చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. గ్రంథాలయాల సంగతి పక్కవారు చెబుతారు. ఆ కుర్రాడు ఇప్పటికీ వాట్సాప్‌లో అజుల్ అంటాడు. మనవడి చేత ఒక్క మాట రాయించి ఫొటో పంపమంటాడు, మొన్న కూడా అడిగాడు. వాడు సంక్రాంతికి వస్తున్నాడు. ఇక్కడ రెండో బీరువాలో పెద్ద బాలశిక్ష ఉండేది, ఎవరో తీసుకెళ్లి తేలేదు. వారు ఈ సభలోనే ఉంటే, దయచేసి భోగి లోపల తెచ్చి ఇవ్వండి.