ఎఫ్‌డీ అనుకుని తీసుకున్న పాలసీ: మిగిలింది ఆరు రోజులు

అక్క: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ మా పిన్నిని అడిగి, సరే అన్నాకే చేస్తున్నాం. ఆవిడ పేరు, బ్యాంకు పేరు, కంపెనీ పేరు చెప్పం. జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తాం. నువ్వే మొదలుపెట్టరా, ముందు ఫోన్ వచ్చింది నీకే కదా.

తమ్ముడు: అవునక్కా. "నాన్నా, ఈ నెల వడ్డీ పడలేదురా, ఒకసారి చూడవా" అంది. పిన్నికి 64 ఏళ్లు. బాబాయి పోయి రెండేళ్లయింది. ఫ్యామిలీ పెన్షన్, బాబాయి రిటైరయ్యాక వేసిన ఎఫ్‌డీ మీద నెలనెలా వచ్చే వడ్డీ, ఈ రెండిటి మీదే ఇల్లు నడుస్తుంది. చూపు తగ్గింది, చిన్న అక్షరాలు చదవలేదు. ఎఫ్‌డీ మెచ్యూర్ అయితే రెన్యూవల్‌కని బ్యాంకుకి వెళ్లింది. అక్కడ బాగా మాట్లాడారట. కుర్చీ వేశారు, అమ్మా అన్నారు, పెన్సిల్‌తో టిక్ పెట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు.

అక్క: ఇంటికొచ్చాక?

తమ్ముడు: ఒక పెద్ద కవరు పోస్టులో వస్తే, ఎఫ్‌డీ బాండే అనుకుని విప్పకుండా బీరువాలో పెట్టింది. నేను వెళ్లి విప్పాను. జీవిత బీమా పాలసీ. ఏడాదికి 3 లక్షలు, కట్టాల్సిన కాలం 10 సంవత్సరాలు. పిన్ని ఏడాది పెన్షనంతా కూడబెట్టినా ఒక్క ప్రీమియానికి చాలదు. అది చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "చదవకుండా సంతకం ఎందుకు పెట్టావు పిన్నీ" అని. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అక్క: ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "పోనీలే అమ్మా, నా ఖర్మ, ఎవరికీ చెప్పకండి" అంది. వినేవాళ్లకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ఇలాంటప్పుడు పెద్దవాళ్లకు డబ్బు పోయిందన్న బాధ కన్నా, పిల్లల ముందు చులకనయ్యామన్న బాధ ఎక్కువ. సిగ్గుపడితే నోరు విప్పరు, నోరు విప్పకపోతే గడువు దాటిపోతుంది. మర్నాడు నేను ఒక్కటే అడిగాను: "పిన్నీ, ఆ రోజు వాళ్లు నీతో ఏం మాట్లాడారో మొదట్నుంచీ చెప్పు." ఆవిడ చెప్పింది చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "ఇది ఎఫ్‌డీ లాంటిదే అమ్మా, వడ్డీ ఇంకా ఎక్కువ, ఒక్కసారి కడితే చాలు" అన్నారట. చెప్పే కొద్దీ ఆవిడ గొంతు గట్టిపడింది.

తమ్ముడు: ఇక గడువు సంగతి. మన దేశంలో బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. దాని నిబంధనల ప్రకారం జీవిత బీమా పాలసీకి ఫ్రీలుక్ అని ఒక వ్యవధి ఉంటుంది. పాలసీ డాక్యుమెంట్ మన చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు. 2024కు ముందు మామూలుగా 15 రోజులే ఉండేది. ఈలోగా "నిబంధనలు నాకు సరిపడలేదు, రద్దు చేయండి" అని రాసిస్తే కంపెనీ డబ్బు వెనక్కివ్వాలి. అన్నాళ్లూ మన మీద రిస్క్ ఉన్నందుకు కొంత, మెడికల్ పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు, స్టాంపు డ్యూటీ, ఇవి మాత్రం పట్టుకుంటారు. మార్కెట్‌తో ముడిపడ్డ యులిప్ అయితే ఆ రోజు యూనిట్ల విలువను బట్టి మొత్తం అటూ ఇటూ అవుతుంది. కవరు మీద పోస్టల్ ముద్ర చూసి లెక్కేస్తే మేం విప్పింది 24వ రోజు.

అక్క: అందుకే పాత కవరే కదా అని పారేయకండి. దాని మీది తేదీయే సాక్ష్యం.

తమ్ముడు: ఇంకో విషయం. పాలసీ బాండ్ వెనకాల ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మన పేరు మీద నింపిన దరఖాస్తు, దాని కాపీ జతచేసి ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. మా పిన్ని ఫారంలో వృత్తి దగ్గర వ్యాపారం అని ఉంది. ఏడాది ఆదాయం 12 లక్షలట. ఈమెయిల్ ఐడీ ఎవరిదో మాకే తెలియదు, పిన్నికి ఈమెయిలే లేదు.

అక్క: ఆ పేజీ చదివి వినిపిస్తుంటే పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను వ్యాపారం ఎప్పుడు చేశానే?" అంది. తప్పు తన ఒక్కదానిదే కాదని ఆవిడకి తెలిసింది అప్పుడే. ఈమెయిల్ సంగతి చిన్నది కాదు. ఎలక్ట్రానిక్‌గా పంపిన పాలసీకి కూడా ఫ్రీలుక్ అందిన రోజు నుంచే. మెయిల్ ఐడీ మనది కాకపోతే మనకు అందనేలేదని వాదించాలి, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోవాలి.

తమ్ముడు: తర్వాత బ్రాంచికి వెళ్లాం, ముగ్గురం. "ఇప్పుడు రద్దు చేస్తే సగం పోతుందండీ, మూడేళ్లు ఆగండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. పిన్నే మాట్లాడింది: "నాకు వద్దు బాబూ. నేను ఎఫ్‌డీకి వచ్చాను." అంతే.

అక్క: ఆవిడే మాట్లాడాలని ముందే అనుకున్నాం. పాలసీ ఆవిడది, సంతకం ఆవిడది. మనం ఎంత దగ్గరవాళ్లమైనా ఆవిడ బదులు సంతకం పెట్టకూడదు. ఉత్తరం రాసిపెట్టడం, చదివి వినిపించడం, పక్కన కూర్చోవడం, అంతవరకే మన పని. ఇంకొకటి, బ్యాంకు ఇక్కడ ఏజెంటు మాత్రమే. బ్యాంకులో చెప్పి ఊరుకుంటే రోజులు గడిచిపోతాయి. రద్దు ఉత్తరం బీమా కంపెనీకి చేరాలి.

తమ్ముడు: అదే రోజు కంపెనీ ఆఫీసుకెళ్లి ఉత్తరం, ఒరిజినల్ బాండ్, క్యాన్సిల్ చేసిన చెక్కు, గుర్తింపు కార్డు కాపీ ఇచ్చాం. మా కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. అదే కంపెనీకి మెయిల్ కూడా చేశాం. సంతకాల్లో ఆటో డెబిట్ ఫారం కూడా ఉందని అప్పుడు తెలిసింది. దాన్ని బ్యాంకులో విడిగా రద్దు చేయించాం. లేకపోతే వచ్చే ఏడాది ఖాతాలోంచి 3 లక్షలు లాగేస్తారేమోనని మళ్లీ టెన్షన్.

అక్క: 30 రోజులు దాటిపోయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దాటితే ఫ్రీలుక్ ఉండదు, కానీ దారులన్నీ మూసుకుపోవు. అబద్ధం చెప్పి అమ్మారని కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలు, ఫారంలోని తప్పుడు ఆదాయం, వాట్సాప్ మెసేజీలు అక్కడ పనికొస్తాయి. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వచ్చి ఉంటే ఆ రికార్డింగ్ ఇమ్మని అడగండి. "అన్నిటికీ ఎస్ అనండి అమ్మా" అని ముందే నేర్పించి ఉంటే అది కూడా రాయండి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేయొచ్చు.

తమ్ముడు: కంపెనీ కాదన్నా, నెలలోగా జవాబివ్వకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి. తెలుగు రాష్ట్రాలకు హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదు మీద సంతకం మాత్రం పాలసీదారుదే ఉండాలి.

అక్క: ఒక జాగ్రత్త. కోపంలో ఇంట్లో ఉన్న పాలసీలన్నీ రద్దు చేయించకండి. ముఖ్యంగా ఏళ్లుగా నడుస్తున్న ఆరోగ్య బీమా. దాన్ని వదిలేసి కొత్తది తీసుకుంటే, ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, మళ్లీ మొదటికొస్తుంది. పిన్ని హెల్త్ పాలసీని మేం ముట్టుకోలేదు.

తమ్ముడు: మధ్యలో కంపెనీ నుంచి రెండుసార్లు ఫోన్ చేసి, ఇంకో ప్లాన్‌లోకి మారుస్తామన్నారు. పిన్ని వద్దంది. తర్వాత డబ్బు పడింది, కొద్దిగా తగ్గి. మెసేజ్ నాకు చదివి వినిపించమంది, నేను వినిపించాను. నమ్మకం కుదరక మర్నాడు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంది.

అక్క: మొన్న ఇంకో ఫోన్ వచ్చిందట. "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీ మీద బోనస్ ఉంది, ముందు కొంత కట్టాలి" అని. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు. ఆ మాట పిన్నికి మేం ముందే చెప్పి ఉన్నాం.

తమ్ముడు: ఏమందట?

అక్క: "కాగితం మీద రాసి పంపించు బాబూ, మా పిల్లలతో చదివించుకుంటాను" అందట. అవతల పెట్టేశారు. ఆ సంగతి చెప్పడానికి నాకు తనే ఫోన్ చేసింది.