రోడ్డు బండికి ట్రాక్ వైరింగ్: లైటు తీసేశాక ఆ కరెంటు ఎక్కడికి పోతుంది?

ప్రేక్షకులకు నమస్కారం. కడపలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నుంచి మాట్లాడుతున్నాను. ఫ్యాను చప్పుడు వినిపిస్తే మన్నించండి, ఈ ఎండల్లో దాన్ని ఆపి మాట్లాడడం నా వల్ల కాదు. రోజూ రోడ్డు మీద తిరిగే బైకును చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.717 కిలోమీటర్ల రేసు ట్రాక్ మీద నడపాలనుకున్నప్పుడు దాని వైరింగులో ఏం మార్చాలో, దేన్ని ముట్టుకోకూడదో ఈ వీడియోలో చెబుతాను.

ట్రాక్ అనగానే చాలామంది మొదట కట్టింగ్ ప్లయరు పట్టుకుంటారు. దయచేసి దాన్ని పక్కన పెట్టండి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారైన బళ్లకు ఇంజన్‌తో పాటే హెడ్‌లైటు వెలగాలన్న నిబంధన ఉంది కాబట్టి చాలా బళ్లలో లైటు ఆపడానికి స్విచ్చే ఉండదు. ఆ కారణంగా కొందరు వైర్లనే తెగ్గొడతారు. అయితే అదే బండి సోమవారం మళ్లీ ఏడురోడ్ల కూడలి దాటి వెళ్లాలి, పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డెక్కించడం కుదరదు. లైటుకైనా ఇండికేటరుకైనా వైర్లను కలిపి విప్పడానికి కంపెనీ ఇచ్చిన కప్లరు ఉండనే ఉంది. దాన్ని విప్పి, మూతికి స్లీవు తొడిగి, ఏది దేనిదో చీటీ కట్టి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటిసారి నేను హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను అన్నీ తీసేసి, ముందు భాగం శుభ్రంగా కనిపించాలన్న సరదాతో, ఫ్రేముకు ముందువైపు గాలి తగిలే చోట బిగించి ఉన్న రెగ్యులేటర్ రెక్టిఫైయరును, అంటే ఇంజన్ కాయిలు నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చి అదుపులో ఉంచే ముక్కను, తెచ్చి సీటు కింద పెట్టాను. లోడు తగ్గింది కాబట్టి దానికీ పని తగ్గుతుందని నా లెక్క. రెండో సెషను ముగించుకుని వచ్చేసరికి సీటు చెయ్యి పెట్టలేనంత కాలింది, బ్యాటరీ మీద మీటరు 15.8 వోల్టులు చూపించింది, బ్యాటరీ పక్కలు ఉబ్బాయి. తిరిగి వచ్చాక ఆ రెగ్యులేటరును మా ఊరి పెద్ద ఎలక్ట్రీషియన్ ముందు పెడితే ఆయన నవ్వి, "ఏమబ్బీ, లైటు పీకేస్తే కాయిలు కరెంటు చెయ్యడం ఆపుతాదా?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నలోనే విషయమంతా ఉంది. మన బళ్లలో క్రాంకుతో పాటు తిరిగేది శాశ్వత అయస్కాంతం. ఇంజన్ తిరిగినంతసేపూ కాయిల్ ప్లేటులో కరెంటు పుడుతూనే ఉంటుంది, మనకు ఎంత కావాలన్నది దానికి తెలియదు. షంట్ రకం రెగ్యులేటరు ఈ మిగులు కరెంటును ఆపదు, తన గుండానే కాయిలుకు తిప్పి పంపుతుంది, ఆ ప్రయాణంలో తాను వేడెక్కుతుంది. 55 వాట్ల బల్బు తీసేస్తే దాదాపు 4 ఆంపియర్లు వాడుక తగ్గుతుంది గానీ రెగ్యులేటరుకు విశ్రాంతి దొరకదు. మన రోడ్ల మీద నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర తిరిగే ఇంజన్, ట్రాక్ మీద పావుగంట పాటు దానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. కాబట్టి రెగ్యులేటరును ఉన్నచోటే ఉంచండి. తప్పనిసరిగా జరపవలసి వస్తే దాని మీద వేడి తగ్గించే రెక్కలకు ఎదురుగాలి తగిలే చోటికే జరపండి. కాయిలు దారినే తెరిచి మూసే సిరీస్ రకం దొరికితే మంచిదే, కాకపోతే ఖరీదెక్కువ. ఏది బిగించినా, ఇంజన్‌ను 5000 దగ్గర నిలిపి బ్యాటరీ మీద కొలిస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి.

సైడ్ స్టాండును ట్రాక్ మీద విప్పేయమంటారు, లేదా కట్టేయమంటారు. విప్పితే, స్టాండు దించి ఉన్నప్పుడు ఇంజన్‌ను ఆపే దాని స్విచ్చుతో సమస్య వస్తుంది. స్టాండు పైకి ఉన్నప్పుడు స్విచ్చులో దారి కలిసి ఉందో, తెగి ఉందో ముందు మల్టీమీటరుతో చూసి, అదే స్థితిని కప్లరు దగ్గర కల్పించాలి. మూడు వైర్లు కనిపిస్తే ఆగి సర్వీసు మాన్యువల్ తెరవండి, అది సెన్సరు కావచ్చు. బండి పడిపోయినప్పుడు పెట్రోలు పంపును ఆపే టిప్-ఓవర్ సెన్సరును, హ్యాండిలు మీద ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్చును మాత్రం ఎవరు చెప్పినా బైపాస్ చేయకండి.

అతుకుల గురించి రెండు మాటలు. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి, ఇంజన్ అదురుకు ఆ టంకం అంచునే తెగుతుంది. అందువల్ల వైరు చివర తొడిగే సరైన లోహపు లగ్గు పెట్టి, పట్టకారుతో కాకుండా క్రింపింగ్ ప్లయరుతో నొక్కడమే మేలు. 5 ఆంపియర్లు పారే చోట అతుకులో 0.2 ఓములు అడ్డుపడితే అక్కడే ఒక వోల్టు పోతుంది, 5 వాట్లు వేడిగా మారుతుంది. మన ఎండలకు మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు కారి ఊడిపోతుంది కాబట్టి గుడ్డ టేపు వాడండి.

ఇప్పుడు కెమెరాను హ్యాండిల్ మెడ దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఈ నల్ల తొడుగు మీద గోరంత మెరుపు కనిపిస్తోంది కదా, అది వైరు లోపలి రాగి. హ్యాండిలును కుడి చివరికి తిప్పినప్పుడల్లా వైరు ఫ్రేముకు రాసుకుని ఇలా అయింది. ముందు భాగంలో వైర్లను బిగించి కట్టింది నేనే. ఇప్పుడు రెండు చివరలకూ తిప్పి చూసి, వదులు ఉంచి కడుతున్నాను.

పోయిన నెల ట్రాక్ నుంచి బండిని బొలెరోలో ఎక్కించి, రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా తెచ్చాక, చీటీలు చూసుకుంటూ కప్లర్లన్నీ పదిహేను నిమిషాల్లో తిరిగి పెట్టాను. హెడ్‌లైటు వెంటనే వెలిగింది. ఎడమ ఇండికేటరు మాత్రం గబగబా కొట్టుకుంది. వంగి చూస్తే వెనక కప్లరు 'టక్'మని కూర్చోలేదు.