పెట్టె మీది అంకెలు, హెడ్డులోని మరలు

అందరికీ నమస్కారం. ఇంజిన్లో పెట్రోలు మిశ్రమాన్ని రవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గును విప్పి బిగించడం పెద్ద విద్యేం కాదు. చాలాసార్లు పని చెడేది అంతకుముందే, పెట్టె మీది కోడు చదవకుండా కొన్నప్పుడు. చూడ్డానికి పాతదానిలాగే ఉంది కదా అని ఇంజిన్లో ప్లగ్గు పెట్టేయకూడదు.

ఎన్‌జీకే కంపెనీ వారి బీకేఆర్6ఈ-11 ప్లగ్గు తీసుకుందాం. బీ అంటే 14 మి.మీ. మర. కే చెప్పేది షట్కోణం కొలత, 16 మి.మీ.; మీ సాకెట్ సైజు అదే. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. అది లేని ప్లగ్గు వేస్తే రేడియోలో గరగరతో సరిపోదు, సెన్సర్ల సంకేతాలూ చెడిపోవచ్చు. 6 హీట్ రేంజ్, ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకె. ఈ అంటే 19 మి.మీ. రీచ్, అంటే మర పొడవు. చివరి 11 అంటే 1.1 మి.మీ. గ్యాప్, అంటే రవ్వ దూకే సందు.

అందరూ తడబడేది హీట్ రేంజ్ దగ్గరే. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేస్తుంది. బాష్‌లో సరిగ్గా తలకిందులు. కంపెనీ మారిస్తే అంకెకు అంకె సరిపెట్టకండి, పోలిక పట్టిక చూడండి. ప్లగ్గు మొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి కాలిపోతుంది. 850 దాటితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. చల్లని ప్లగ్గుతో పవర్ పెరుగుతుందన్నది ఉత్త మాట. మామూలు కారులో పెరిగేది మసే.

రీచ్ తక్కువైతే హెడ్డు (ప్లగ్గు దిగే ఇంజిన్ పైభాగం) మరల్లో కార్బన్ పేరుకుంటుంది. ఎక్కువైతే పిస్టన్‌కు తగలొచ్చు.

ఇప్పుడు బిగింపు. ఇంజిన్ చల్లారాలి, ముఖ్యంగా అల్యూమినియం హెడ్డయితే. విప్పే ముందు ప్లగ్గు గుంతలోకి గాలి కొట్టండి, లేకపోతే ఇసుక సిలిండర్లో పడుతుంది. కొత్త ప్లగ్గు తల మీద జానెడు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని వేళ్లతో తిప్పుతూ దించండి. మర అడ్డంగా ఎక్కబోతే గొట్టం జారిపోతుంది, అక్కడే ఆగిపోవచ్చు. రాట్చెట్ (సాకెట్ తిప్పే పిడి) అలా జారదు, హెడ్డు మరల్ని కోసేస్తుంది.

వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకు, అల్యూమినియం హెడ్డులో, 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు మామూలు. మీ ఇంజిన్ మాన్యువల్ వేరే చెబితే అదే ఖాయం. బిగింపును కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే చేతి బిగువు తర్వాత అరచుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. వాషర్ లేని శంకువు సీటు ప్లగ్గుకు పదహారో వంతు చుట్టే చాలు. పూతపూసిన మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే లేపనం) రాయకండి. మర జారుడై, రెంచ్ అదే అంకె చూపిస్తున్నా ప్లగ్గు అతిగా బిగుస్తుంది. ఇరిడియం ప్లగ్గు గ్యాప్ కొలవాలంటే తీగ గేజే వాడండి, మధ్య మొనను మాత్రం నొక్కకండి. వెంట్రుకలా సన్నగా ఉండే ఆ మొన ఇట్టే విరుగుతుంది.

మిస్‌ఫైర్ వస్తే, అంటే ఏదైనా సిలిండర్లో మిశ్రమం సరిగా అంటుకోకపోతే, వెంటనే కాయిల్ (ప్లగ్గుకు కరెంటిచ్చేది) కొనేయకండి. స్కానర్లో పీ0302 కోడు, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్, వస్తే రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి బండి నడపండి. కోడు పీ0303 అయితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గును కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టరూ (పెట్రోలు చిమ్మేది), కంప్రెషనూ (సిలిండర్లోని ఒత్తిడి) చూడాలి. ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ సీలు కారుతున్నట్టే. అది మార్చకుండా కొత్త కాయిల్ వేసినా దాని రబ్బరు బూటు ఉబ్బి మళ్లీ పాడవుతుంది. ఈలోగా ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే బండి ఆపేయండి. కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్లోకి పోయి దాన్ని కరిగించేస్తుంది.