బంగినపల్లి మంచిదా, చిన్నరసం మంచిదా? ట్యాబ్ కొనేవాళ్ల కోసం

[చేతిలో ఫోన్. తెర మీద వాట్సాప్‌లో వచ్చిన పట్టిక.]

ఇది చూడండి. మా అన్నయ్య పంపిన పట్టిక. మూడు ట్యాబ్‌లు, పద్నాలుగు వరుసలు. ర్యామ్, స్టోరేజ్, బ్యాటరీ, కెమెరా, హెర్ట్జ్... ప్రతి వరుసలో గెలిచినదానికి పచ్చ టిక్కు. చివర్లో టిక్కులన్నీ కూడి కింద రాశాడు: "షావోమీకి తొమ్మిది, శాంసంగ్‌కి మూడు, ఐప్యాడ్‌కి రెండు. మరి జనం ఐప్యాడ్ ఎందుకు కొంటున్నార్రా? పిచ్చా?"

మా అన్నయ్య ఒక్కడే అడిగి ఉంటే ఈ వీడియో చేసేవాణ్ణి కాదు. నేను ట్యాబ్ పేరెత్తిన ప్రతిసారీ కింద ఇదే కామెంటు. "ఆరు జీబీ ర్యామ్‌కి ముప్ఫై అయిదు వేలా?" జవాబు రాసి రాసి వేళ్లు నొప్పెట్టాయి. ఈరోజు మొత్తం చెప్పేస్తాను. ఇక మీదట ఈ లింకే పంపిస్తాను.

వేసవిలో పళ్ల బజారుకి వెళ్లి, బంగినపల్లి మంచిదా చిన్నరసం మంచిదా అని ఎప్పుడైనా పట్టిక వేశారా? వేద్దాం. బరువు: బంగినపల్లికి టిక్కు. పీచు లేకపోవడం: బంగినపల్లికి టిక్కు. తొక్క రంగు: మళ్లీ బంగినపల్లే. మూడు-సున్నా. అంటే నూజివీడు వైపు రసాల తోటలన్నీ కొట్టేయాల్సిందే! ఈ మాట మా అమ్మ వింటే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.

ముక్కలు కోసి పళ్లెంలో పెట్టాలంటే బంగినపల్లి. మెత్తగా పిసికి, ముచిక కొరికి, రసం పీల్చాలంటే చిన్నరసం. ఆవకాయ పెట్టాలంటే ఆ రెండూ వద్దు, పుల్లగా, గట్టిగా, టెంక ముదిరిన కాయ కావాలి. కాయ ఏం చేయడానికో తెలియకుండా ఏది మంచిదంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

అందుకే అన్నయ్యకి ఫోన్ చేసి ఒకటే అడిగాను: "ఎవరికి? ఏం చేయడానికి?" వాళ్ల అమ్మాయికట. ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. పీడీఎఫ్‌లు చదవాలి, పెన్నుతో లెక్కలు చేయాలి, క్లాసుల వీడియోలు చూడాలి. ఆట్టే గేమ్స్ లేవు. ఇంట్లోకి ట్యాబ్ వచ్చిందంటే రాత్రి తొమ్మిది తర్వాత అది వదినదే అనుకోండి, ఆ వరుస పట్టికలో లేదు.

ఆ మూడు ట్యాబ్‌లు ఇవీ. మూడూ 2025లో వచ్చినవే. షావోమీ ప్యాడ్ 7, విడుదలైనప్పుడు 27,999 రూపాయలు. ఏ16 చిప్ ఉన్న మామూలు ఐప్యాడ్, 34,900. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10 ఎఫ్ఈ, 42,999. ఇవి 128 జీబీ, వైఫై మోడళ్లు విడుదలైనప్పటి ధరలు. తర్వాత చెప్పే పెన్నుల, సిమ్ మోడల్ ధరలూ అప్పటివే. ఆఫర్లలో ఇవి కిందా మీదా అవుతుంటాయి, మనకి పద్ధతి ముఖ్యం కాబట్టి ఈ అంకెలతోనే వెళ్దాం.

[తెర మీద: "16 జీబీ ర్యామ్!" అని రాసిన డబ్బా బొమ్మ, కంపెనీ పేరు లేకుండా.]

ముందు ర్యామ్ సంగతి, అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి వాడుకునే వేగమైన మెమరీ సంగతి తేల్చేద్దాం, నా కోపమంతా అక్కడే ఉంది. ఈ మూడింటి గురించి కాదు, ఇంకా చవక రకాల గురించి. డబ్బా మీద పెద్దక్షరాల్లో 16 జీబీ అని ఉంటుంది. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "8+8". మొదటి ఎనిమిది నిజం. రెండో ఎనిమిది మీ స్టోరేజ్‌లోంచే అరువు తెచ్చింది. స్టోరేజ్ ఎంత మంచిదైనా ర్యామ్ వేగం ముందు నత్తనడకే. అంటే మీ డబ్బుతో మీరు కొన్న స్టోరేజ్‌నే తీసి, మీకే ర్యామ్ పేరుతో ఇంకోసారి చూపిస్తున్నారు. కార్బైడ్ వేసి మగ్గబెట్టిన మామిడిపండు తెలుసుగా? పైకి పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది, కొరికితే పులుపు. ఇదీ అంతే.

నేనూ కొరికినవాణ్ణే. మూడేళ్ల కిందట నాన్న కోసం అలాంటిదొకటి తీసుకున్నాను. కంపెనీ పేరెందుకులెండి. డబ్బా మీద 8, లోపల 4+4. యూట్యూబ్‌లోంచి వాట్సాప్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి వీడియో మళ్లీ మొదటినుంచి. పాపం నాన్న, తప్పు తన వేలిదే అనుకుని, బటన్‌కి నొప్పెడుతుందేమో అన్నట్టు మెల్లగా నొక్కేవారు. అది గుర్తొస్తే ఇప్పటికీ చిరాకు.

ఇక ఆరు జీబీ ఐప్యాడ్. ఆపిల్ అసలు ఆ అంకె డబ్బా మీద వేయదు, పరీక్షించినవాళ్లు చెప్పిందే. అన్నయ్య కూతురు చేసే పనికి, అంటే ఒక పీడీఎఫ్, ఒక నోట్సు, ఒక వీడియో, దానికి ఆరు సరిపోతుంది. ఎనిమిదీ సరిపోతుంది. ఆ వరుసలో టిక్కు ఎవరికి పెట్టినా ఆ పిల్ల లెక్కలు తొందరగా ఏం తెమలవు.

[మూడు దీర్ఘచతురస్రాలు, ఒకదాని మీద ఒకటి.]

ఇప్పుడు నాకు భలే ఇష్టమైన వరుస. తెర సైజు. ఐప్యాడ్ 10.86 అంగుళాలు, గెలాక్సీ 10.9. టిక్కు షావోమీకే, కానీ మిగతా రెండింటిలో గెలాక్సీయే నయమని రాశాడు అన్నయ్య. పెద్దది కదా!

కాదు. ఆ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచినవి. కాయని పొడుగు ఒక్కటే కొలిచి లావు వదిలేస్తే తోతాపురి బంగినపల్లిని గెలిచేస్తుంది. తెర ఆకారం కూడా చూడాలి. గెలాక్సీ 16:10, పొడుగ్గా, సన్నగా ఉంటుంది. షావోమీ 3:2. ఐప్యాడ్ పొడవు వెడల్పుకి 1.44 రెట్లు, మూడింటిలో అదే కాస్త చదరంగా ఉంటుంది. లెక్క కట్టండి. ఐప్యాడ్ తెర వైశాల్యం సుమారు 55 చదరపు అంగుళాలు. "పెద్ద" గెలాక్సీది 53. షావోమీది 57పైన. అన్నయ్య నయమన్న తెర నిజానికి మూడింటిలో చిన్నది!

ఆగండి, ఇంకా ఉంది. వీడియోలు 16:9. ఐప్యాడ్‌లో వీడియో పెడితే కిందా పైనా నల్ల పట్టీలు మందంగా వస్తాయి. వీడియోకి దక్కేది 45 చదరపు అంగుళాల లోపే. గెలాక్సీలో 48. అంటే చిన్న తెర మీద పెద్ద బొమ్మ! రాత్రి వీడియోలు చూసే వదినకి ఐప్యాడ్ కంటే గెలాక్సీ నయం.

మరి పీడీఎఫ్? ఏ4 కాగితం పొడవు దాని వెడల్పుకి 1.414 రెట్లు. ఐప్యాడ్ తెర దానికి చాలా దగ్గర. ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుని ఏ4 పేజీ తెరిస్తే, ఐప్యాడ్‌లోనూ షావోమీలోనూ పేజీ 6.2 అంగుళాల వెడల్పు వస్తుంది, అసలు కాగితంలో 75 శాతం. గెలాక్సీలో 5.8 అంగుళాలు, 70 శాతం. అయిదు శాతమేగా అనకండి. ఫిజిక్స్ మెటీరియల్‌లో ఘాతం మీద ఘాతం వేసిన ఫార్ములా ఒకటి తెరిచి చూసి అప్పుడు చెప్పండి.

ఒక్క తెర, రెండు పనులు, రెండు వేర్వేరు జవాబులు. పట్టికలో దీనికి టిక్కు ఎక్కడ పెడతారు?

ఇక డబ్బులు. ఇది ఆవకాయ లెక్క. కాయ కిలో ఎంత అని అడిగి, అబ్బో ఈ ఏడు ఆవకాయ చవక అని సంబరపడేవాళ్లుంటారు. నూనె? ఆవపిండి? కారం? కాయ కొట్టించిన కూలి? మా అమ్మ ముందు వీటి ధరలడిగి, ఆ తర్వాతే కాయ దగ్గరికి వెళ్తుంది.

అన్నయ్య కూతురికి పెన్ను తప్పనిసరి. ఐప్యాడ్‌తో పెన్ను రాదు. యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్ 7,900. 34,900కి అది కలపండి: 42,800. గెలాక్సీ డబ్బాలో ఎస్ పెన్ ముందే ఉంటుంది: 42,999. తేడా ఎంత? 199 రూపాయలు! పట్టికలో ఎనిమిది వేలున్న తేడా పెన్ను కలిపేసరికి ఒక బిర్యానీ ఖరీదుకి పడిపోయింది. షావోమీ పెన్ను 5,999, మొత్తం 33,998. అది ఇప్పటికీ చవకే, కాదనను. కానీ మీ పనికి పెన్నే అక్కర్లేకపోతే ఈ లెక్కంతా తిరగబడుతుంది. అప్పుడు గెలాక్సీలో మీరు వాడని పెన్నుకి కూడా డబ్బు కట్టినట్టే. పండు తినేవాడికి ఆవపిండి ఎందుకు?

పెన్నులన్నీ ఒకటి కావు, అదీ చెప్పాలి. ఆ 7,900 ఆపిల్ పెన్సిల్‌కి ఒత్తిడి తెలియదు. గట్టిగా నొక్కినా, మెల్లగా రాసినా గీత మందం ఒకటే. లెక్కలకి ఫర్వాలేదు, బొమ్మలేసేవాళ్లకి కష్టం. ఒత్తిడి తెలిసే మొదటితరం పెన్సిల్ 9,500. దాన్ని ఈ ఐప్యాడ్‌తో చార్జ్ చేయాలంటే మధ్యలో అడాప్టర్, వైరు, తోకలా వేలాడుతూ. ఇంత పెద్ద కంపెనీ, ఇదేం డిజైనో నాకర్థం కాదు. ఎస్ పెన్‌కి ఒత్తిడి తెలుసు, పైగా దీనికి చార్జింగే అక్కర్లేదు. తెర కింద సన్నటి తీగల పొర ఒకటి ఉంటుంది, పెన్నుకి కావలసిన కాస్త కరెంటూ దాని అయస్కాంత క్షేత్రంలోంచే అందుతుంది.

ఇంకో తిరకాసు. ఈ ఐప్యాడ్‌లో పైన అద్దానికీ, లోపల డిస్‌ప్లేకీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. పెన్ను మొన అద్దం మీద, గీత దానికి కాస్త కింద కనిపిస్తుంది. ఇంగ్లిష్ రాసేవాళ్లు పట్టించుకోకపోవచ్చు. "స్వాతంత్ర్యం" రాసి చూడండి. ఆ "త"కి రెండు ఒత్తులు తగిలించేటప్పుడు తెలుస్తుంది. అయితే దీంట్లో ఒక లాభం కూడా ఉంది. అద్దం పగిలితే అద్దం ఒక్కటే మార్చే వీలుంటుంది, డిస్‌ప్లేతో సహా మార్చక్కర్లేదు. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

[గడియారం చూసుకుంటూ.]

అమ్మో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా.

అప్‌డేట్లు. రసాలు రెండ్రోజులు, ఆవకాయ ఏడాది. ఎన్నాళ్లు నిలవుంటుందో చూడకుండా ధర మాట్లాడొద్దు. గెలాక్సీకి ఏడేళ్ల మాట ఇచ్చారు. 42,999ని ఏడుతో భాగిస్తే ఏడాదికి 6,143. ఏదైనా ట్యాబ్ 27,999కి కొని నాలుగేళ్లకే పక్కన పడేస్తే ఏడాదికి 7,000. ఆపిల్ ఇలా ఏడేళ్లని ముందుగా మాటివ్వదు కానీ, 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కి 2021లో కూడా కొత్త వెర్షన్ వచ్చింది. ఏ కంపెనీ అయినా సరే, ఆ మోడల్‌కి ఎన్నేళ్లన్నది రాతలో ఉందేమో చూడండి. షాపులో కుర్రాడి నోటిమాట కాదు.

స్టోరేజ్. ప్రతి కాయలోనూ టెంక ఉంటుంది. 64 జీబీ అంటే అందులో సిస్టమ్ తినేది పోగా మిగిలిందే మీది. 64 కొనొద్దు, అంతే. మెమరీ కార్డు ఈ మూడింటిలో గెలాక్సీకే పడుతుంది.

సినిమాలు. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనేముందు వైడ్‌వైన్ ఎల్1, అంటే సినిమాలు కాపీ కాకుండా వేసే తాళంలో పై మెట్టు, ఉందో లేదో చూడండి. కింది మెట్టు ఎల్3 మాత్రమే ఉంటే తెర ఎన్ని పిక్సెళ్లదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో ఇవ్వవు. ఈ మూడింటితో ఆ బెంగ లేదు.

సిమ్. ఐప్యాడ్‌లో సిమ్ మోడల్ 49,900, అంటే పదిహేను వేలు అదనం. ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఎందుకు? ఒక్క సంగతి, వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. కారులో మ్యాప్ కోసం కొనేవాళ్లు ఆగండి. షావోమీలో సిమ్ మోడలే లేదు.

హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో. ఐప్యాడ్ 60, గెలాక్సీ 90, షావోమీ 144. పేజీలు జరిపేటప్పుడు తేడా కంటికి తెలుస్తుంది, ఇందులో షావోమీకి టిక్కు నిజాయితీగా ఇవ్వొచ్చు. కెమెరా? ట్యాబ్ ఎత్తి పట్టుకుని పెళ్లిలో ఫొటోలు తీసే బాబాయిలకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆ వరుస కొట్టేయండి. కీబోర్డు గురించి ఇంకో వీడియో చేస్తాను.

అన్నయ్య ఏం కొన్నాడంటారా? అమ్మాయిని షాపుకి తీసుకెళ్లమన్నాను. పట్టిక ఇంట్లో పెట్టి వెళ్లమన్నాను. ఆ పిల్ల ముందే తన మెటీరియల్‌లోంచి ఒక పేజీ ఫోన్లో పెట్టుకెళ్లి, అదే పేజీని మూడింటిలోనూ తెరిచింది. పెన్నుతో ఒక ఇంటిగ్రేషన్ లెక్క, కింద తన పేరు రాసింది. అరగంట నిలబడింది. గెలాక్సీ తీసుకుంది. అక్షరం గెలాక్సీ కంటే ఐప్యాడ్‌లో పెద్దగా కనిపించిందట, అయినా చార్జింగ్ అక్కర్లేని పెన్ను నచ్చిందట. మీ పిల్ల ఇంకోటి తీసుకోవచ్చు.

పెన్ను డబ్బాలోనే వచ్చిందని అన్నయ్య సంబరం. బిల్లు కట్టాక తెలిసింది, కవరు వేరే కొనాలని.

నిన్న రాత్రి మళ్లీ పట్టిక పంపాడు. ఈసారి వాషింగ్ మెషీన్లు. పంతొమ్మిది వరుసలు.