ఉప్పు కలిపితే కదిలింది ఎంజైమా, వైరా?

అక్క: నమస్కారం. ఇవాళ హాఫ్‌మైస్టర్ వరుస గురించి, అంటే ప్రొటీన్లపై చూపే ప్రభావాన్ని బట్టి ఉప్పులను పేర్చిన వరుస గురించి, మాట్లాడతామని మాటిచ్చాం. 1888లో హాఫ్‌మైస్టర్ గుడ్డు తెల్లసొన ప్రొటీన్లతో ఉప్పులను పరీక్షించాడు. సల్ఫేట్ ప్రొటీన్‌ను నీళ్లలోంచి బయటికి నెడుతుంది, థయోసయనేట్ దాని మడతలు విప్పుతుంది.

తమ్ముడు: అదంతా సరే. ముందు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, అంటే వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్, ఏది వాడారో చెప్పాలి.

అక్క: వచ్చేశావా అక్కడికే!

తమ్ముడు: నీలం మూత సీసాతో మనం చేసిన ప్రయోగం మర్చిపోయావా?

అక్క: ఎలా మర్చిపోతాను? రిఫరెన్స్‌గా సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి వైరును నేరుగా ఎంజైమ్ ద్రావణంలోనే ముంచాం. పొటాషియం క్లోరైడ్ పది రెట్లు పెంచితే, వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే స్కాన్‌లో ఎంజైమ్ ఇచ్చే పీక్ 59 మిల్లీవోల్టులకు దగ్గరగా జరిగింది. రెండు వారాలు అది ఎంజైమ్ గుణమే అనుకున్నాను.

తమ్ముడు: జరిగింది వైరు. క్లోరైడ్ పెరిగితే వైరు పొటెన్షియల్ తగ్గుతుంది కాబట్టి ఎంజైమ్ పైకి జరిగినట్టు కనిపిస్తుంది.

అక్క: ఒప్పుకుంటాను. అలాగని ఎంజైమ్‌కు ఉప్పు పట్టదని మాత్రం అనకు. ఎలక్ట్రాన్లు మోసే ప్రొటీన్ సైటోక్రోమ్ సి చూడు. ఇనుము ఉండే దాని హీమ్ భాగం చుట్టూ లైసిన్ అనే అమైనో ఆమ్లాల ధనావేశం ఉంటుంది, రుణావేశం ఉన్న బంగారు ఎలక్ట్రోడ్‌కు అంటుకుంటుంది. ఉప్పు 1 మిల్లీమోలార్ ఉంటే ఆ ఆవేశం దాదాపు 10 నానోమీటర్ల దూరం తెలుస్తుంది. 100 మిల్లీమోలార్ చేస్తే ఒక్క నానోమీటరే. స్కాన్ తర్వాత స్కాన్ పీక్ చిన్నదవుతుంటే, ప్రొటీన్ ఎలక్ట్రోడ్‌ను వదిలేసి వెళ్లిపోతోందని కళ్లకు కడుతుంది.

తమ్ముడు: మరి ఆక్సిజన్‌ను క్షయకరణం చేసే రాగి ఎంజైమ్ లాకేజ్‌లో?

అక్క: అక్కడ కథ వేరు. క్లోరైడ్ వట్టి ఆవేశం కాదు. ఎంజైమ్ పనికే అడ్డం పడుతుంది. ఫ్లోరైడ్ ఇంకా గట్టిగా పడుతుంది. రక్తంలో క్లోరైడ్ 100 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టే, శరీరంలో పెట్టి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌కు దాన్ని బాగా తట్టుకునే బిలిరుబిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వైపు మొగ్గుతారు.

తమ్ముడు: అది క్లోరైడ్ పనా, మొత్తం అయాన్ల పనా అని విడదీయాలిగా?

అక్క: అయానిక్ స్ట్రెంత్, అంటే మొత్తం అయాన్ల ప్రభావం, మార్చకుండా క్లోరైడ్ బదులు పెర్‌క్లోరేట్ వేస్తే తేలిపోతుంది. నిన్న వేశాను.

తమ్ముడు: రిఫరెన్స్‌లో ఏముంది?

అక్క: సాచురేటెడ్ పొటాషియం క్లోరైడ్.

తమ్ముడు: అక్కా! దాంట్లోని పొటాషియం, నువ్వు వేసిన పెర్‌క్లోరేట్ కలిస్తే వచ్చే పొటాషియం పెర్‌క్లోరేట్ నీళ్లలో సరిగా కరగదు. రిఫరెన్స్ కొసన సన్నటి రంధ్రాలుండే ఫ్రిట్‌లోనే గడ్డకట్టి ఉంటుంది.

అక్క: ...రాత్రి దాని కొస తెల్లగా కనిపించింది. ఉప్పు ఆరిందేమో అనుకున్నా.

తమ్ముడు: సల్ఫేట్‌తో మళ్లీ చేద్దాం.

అక్క: ముందు అది తీసి చూడాలి. మైకు ఆపు, పద.