స్పేసర్ని తిట్టేముందు, లోపలున్న ఆ 20 నట్లు ఎవడు బిగించాడో అడగండి

ఇరవై. వీడియో సగంలో ఆపేసినా పర్వాలేదు, ఈ ఒక్క అంకె పట్టుకెళ్ళండి. ఇరవై.

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కాక పొట్టంగి, సిమిలిగూడ, కోరాపుట్, జయపురం దాకా ఎక్కడ నాలుగు జిమ్నీలు, అదే మారుతి చిన్న జీపులు, ఆగినా ఒకటే గొడవ, స్పేసర్ మీద. స్పేసర్ అంటే చక్రం బయటికి జరగడానికి హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ళ. హబ్బు అంటే ఇరుసు చివర చక్రం బిగించే దిమ్మ. "స్పేసర్ వేస్తే ఘాటీలో చక్రం ఊడిపోద్ది" అని ఒకడు. "నా బండికి వేసి రెండేళ్ళయింది, ఏటీ అవలేదు" అని ఇంకొకడు. గ్రూపుల్లో తిరిగే ఫొటోలూ అవే. పక్కకి ఒరిగిన బండి, చక్రం ఎక్కడో తుప్పల్లో, కింద కామెంట్లన్నీ స్పేసర్ మీద శాపనార్థాలు. నేను చెప్పేది ఈ రెండు పార్టీలకీ నచ్చదు. మంచి స్పేసర్ దానంతటది పగలడం అరుదు. వదులయ్యేది నట్లు. అవి మీకు కనిపించవు, చక్రం వెనకాల దాక్కొని ఉంటాయి.

లెక్క చూడండి. జిమ్నీకి చక్రానికి ఐదు స్టడ్లు (నట్లు ఎక్కే మరల కడ్డీలు), నాలుగు చక్రాలకి ఇరవై నట్లు. బోల్టుల స్పేసర్, అంటే సొంత స్టడ్లున్న రకం, వేశారంటే, ముందు స్పేసర్ని హబ్బుకి ఇరవై నట్లతో బిగిస్తారు. ఆ పైన చక్రాన్ని స్పేసర్‌కి ఇంకో ఇరవైతో. మొత్తం నలభై. యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ చూసుకోవాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పానా పట్టుకొని బండి చుట్టూ తిరుగుతారు, బయటి ఇరవై బిగిస్తారు, చేతులు దులుపుకుంటారు. మరి లోపలి ఇరవై? వాటిని ముట్టుకోవాలంటే నాలుగు చక్రాలూ విప్పాలి. గుండె మీద చెయ్యేసుకొని చెప్పండి, ఎంతమంది విప్పారు?

అదీ నా సిద్ధాంతం. ఊడిన ప్రతి చక్రం వెనకా ఆ ఇరవైలో ఒకటో రెండో ఉంటాయి. కాదన్నవాడు కామెంట్లోకి రండి, కూర్చుని మాట్లాడదాం.

ఎందుకు వదులవుతాయి? మిస్త్రీ చెయ్యి బలం చాలక కాదు. హబ్బు ముఖం మీద తుప్పు, మన కోరాపుట్ ఎర్రమట్టి, ఫ్యాక్టరీ రంగు పొర, ఇవన్నీ సన్నగా అతుక్కొని ఉంటాయి. వాటి మీదే స్పేసర్ పెట్టి బిగిస్తే ఆ రోజుకి గట్టిగానే ఉంటుంది. వంద కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పొర నలిగి పొడైపోతుంది. పొర ఎంత పోయిందో నట్టు పట్టు అంత పోయింది. అందుకే స్పేసర్ పెట్టేముందు వైర్ బ్రష్‌తో హబ్బు ముఖం తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలే ఎవరికీ ఉండవు. ఇక్కడి మిస్త్రీ "హెయిగలా, హెయిగలా" (అయిపోయింది, అయిపోయింది) అని అప్పటికే టీ దగ్గరికి వెళ్ళిపోతాడు.

ఇంకో దొంగ ఉన్నాడు, గాలి గన్ను. టర్ర్ మని నాలుగు సెకన్లు. ఎంత బిగిసిందో గన్నుకీ తెలీదు, పట్టుకున్నవాడికీ తెలీదు. జిమ్నీ నట్టుకి కంపెనీ చెప్పింది 100 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ (ఎంత బిగిసిందో కొలిచే పానా) లేకపోతే దాన్ని ఇలా ఊహించుకోండి. అర మీటరు పొడవు పానా చివర ఇరవై కిలోల బరువు వేలాడదీస్తే ఎంతో, అంత. ఇప్పుడు మన షాపుల్లో చూడండి. పానాకి పైపు తొడిగి, దాని మీద మనిషి నిలబడి ఊగుతాడు. డెబ్భై కిలోల మనిషి అర మీటరు పైపు మీద నిలబడితేనే 340 దాటుతుంది. ఇంకా ఊగడం లెక్కెయ్యలేదు! కావలసినదానికి మూడింతలు పైన. స్టడ్డు సాగుతుంది, దాని మెడ దగ్గర సన్నబడుతుంది, బయటికి మాత్రం ఏమీ కనిపించదు. తర్వాత ఒక రోజు ఘాటీ మలుపులో టక్‌మని తెగుతుంది. అప్పుడు ఎవర్ని తిడతారు? స్పేసర్ని!

పద్ధతి ఇది. నట్లన్నీ ముందు చేత్తో తిప్పి పెట్టాలి. తర్వాత ఐదింటినీ నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి, మొదటి చుట్టు 40, రెండో చుట్టు 70, మూడో చుట్టు 100. మరలకి గ్రీజు, ఇంజనాయిలు పూయకండి. ఆ 100 అంకె పొడి మరలకి చెప్పింది. నూనె పూస్తే అదే 100కి స్టడ్డు మీద చాలా ఎక్కువ లాగుడు పడుతుంది. నూనె రాస్తే తుప్పు పట్టదు కదా అనేవాళ్ళకి ఇదే జవాబు. స్పేసర్ పెట్టెలో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే లోపలి నట్లకి ఆ అంకె పాటించండి. మరలకి పూసే నీలం జిగురు కూడా అంతే, కాగితంలో ఉంటేనే.

ఇప్పుడు కొనేటప్పుడు చూడాల్సింది. జిమ్నీ స్టడ్డు ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల లావు. మర 1.25, అంటే ఒక చుట్టుకి నట్టు కదిలేది 1.25 మిల్లీమీటర్లు. చక్రం మధ్య కన్నం 108 మిల్లీమీటర్లు. స్పేసర్ లోపలి కన్నం హబ్బు మీద చేత్తో నెడితే బిగువుగా కూర్చోవాలి, లొడలొడలాడితే అక్కడే తిరిగి ఇచ్చేయండి. సరుకు ఫోర్జింగ్ చేసిన 6061-టి6 అల్యూమినియం అయితే మంచిది. పోతపోసిన బిళ్ళ చవగ్గా వస్తుంది, దాన్ని కాగితాల మీద బరువు పెట్టుకోడానికి వాడుకోండి. ఇంకోటి, స్పేసర్‌కి బిగించి వచ్చిన కొత్త స్టడ్ల మర కూడా 1.25 ఉందా లేదా చూడండి. కొన్నిట్లో 1.5 వస్తుంది. అప్పుడు డిక్కీలో రెండు రకాల నట్లు. రాత్రి పూట పంచర్ షాపు కుర్రాడు ఏది దేనికో తెలీక గన్నుతో ఎక్కించేస్తాడు, మర తినేస్తుంది. తప్పు కుర్రాడిది కాదు.

అయిదు మిల్లీమీటర్ల పల్చటి బిళ్ళలు వేసుకుంటారే, వాళ్ళకి ఒక పరీక్ష. నట్టు చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. స్టడ్డు లావు 12 మిల్లీమీటర్లు కాబట్టి నట్టు కనీసం అంత మేర పట్టుకోవాలి. మర 1.25 కనక దాదాపు పది చుట్లు. బిళ్ళ మందం 5 మిల్లీమీటర్లు, అంటే నాలుగు చుట్లు అక్కడే పోయాయి. మీకు ఆరో ఏడో వస్తున్నాయా? ఆ బండి ఇంటికి కూడా తీసుకెళ్ళకండి. ఇటు 25 మిల్లీమీటర్ల బోల్టు స్పేసర్‌కి ఇంకో తిరకాసు. హబ్బు పాత స్టడ్డు కొస స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకొస్తోందా చూడాలి. అల్లాయ్ రిమ్ము వెనక గుంటలుంటే అందులో ఇమిడిపోతుంది. రేకు రిమ్ము చదునుగా ఉంటుంది, అక్కడ చక్రం ఆ కొస మీద ఎక్కి కూర్చుంటుంది, స్పేసర్‌కి ఆనదు. ఎంత బిగించినా వృథా.

స్పేసర్ వేస్తే బేరింగ్ పోతుందా అంటే, అవును, తొందరగా అరుగుతుంది. జిమ్నీ రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్య గీత నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా దూరం, ప్లస్ 5 మిల్లీమీటర్లు. 25 వేస్తే మైనస్ 20 అయింది. చక్రం బరువు బేరింగ్‌కి దూరం జరిగింది, మీట పొడవు పెరిగింది. దాన్ని ఎవరూ దాచలేరు. దామన్‌జోడి వైపు ఎర్రమట్టిలో తిరిగే బండైతే ఆరు నెలలకోసారి చక్రం జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి.

సరే, లిఫ్ట్, అంటే పొడుగు స్ప్రింగులతో బండిని ఎత్తు లేపడం. ఇక్కడ నాకు అసలు కోపం. దేవమాలి ఎక్కాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు, కనక రెండంగుళాల లిఫ్ట్ వేయించాలి అంటారు. వేయించారు. బండి పొడుగైంది, ఫొటో బాగుంది. కింద డిఫరెన్షియల్ గుండు, అదే ఇరుసు మధ్య గేర్ల డబ్బా, ఎంత ఎత్తు లేచింది? సున్నా. స్ప్రింగులు బాడీని లేపుతాయి, ఇరుసుని లేపవు. ఇరుసుని లేపేది టైరు ఒక్కటే. జిమ్నీకి వచ్చే 195/80 ఆర్15 ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 వేస్తే 703, గుండు పైకి లేచేది అందులో సగం, అయిదు మిల్లీమీటర్లు. 235/75 వేస్తే 733, అప్పుడు ఇరవై. లిఫ్ట్ అసలు పని ఆ పెద్ద టైరుకి చోటివ్వడం, సస్పెన్షన్‌కి కదలిక ఇవ్వడం. అన్నట్టు 235 వేశాక మీటరు అరవై చూపిస్తే బండి అరవై మూడు దాటి పోతోంది. ఘాటీ దిగేటప్పుడు అది తలలో ఉంచుకోండి.

బిగించే క్రమం చెప్తాను, కొసరు మాటలు లేకుండా. బండిని ఛాసిస్ దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టాలి, ఉత్త జాకీ మీద కాదు. చక్రాలు తీసి, ఇరుసు కింద ఇంకో జాకీ ఆన్చి, షాక్ కింది బోల్టు విప్పి, ఇరుసుని మెల్లగా దించితే స్ప్రింగు చేత్తో వచ్చేస్తుంది. దించేటప్పుడు కళ్ళు స్ప్రింగు మీద కాదు, బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ తీగ మీద, ఇరుసు గాలి గొట్టం మీద ఉండాలి. ఏది తీగలా బిగిసినా అక్కడితో ఆపండి. పొడుగు షాకులు వేస్తే ఇరుసు ఇంకా కిందికి వేలాడుతుంది, కాబట్టి కొత్త షాకు బిగించాక మళ్ళీ పూర్తిగా దించి, స్టీరింగు ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి చూడాలి. గొట్టం బిగిస్తే బ్రాకెట్ కిందికి దించాలి, లేదా పొడుగు గొట్టం వేయాలి. వేలాడుతున్న ఇరుసు బ్రేకు గొట్టాన్ని లాగితే ఏమవుద్దో ఘాటీలో తెలుసుకోవద్దు.

ఇప్పుడు నూటికి తొంభైమంది చేసే తప్పు. ఇరుసుని ఛాసిస్‌కి కలిపే ఆర్ముల బుష్ (రబ్బరు తొడుగు) బోల్టులు ఇరుసు గాల్లో వేలాడుతుండగానే బిగించేస్తారు. రబ్బరు ఆ భంగిమలో అతుక్కుపోతుంది. బండి నేల మీదికి దిగగానే ప్రతి బుష్షూ మెలితిరిగి కూర్చుంటుంది. కొన్ని నెలలకే చిరుగుతాయి, బండి కీచుకీచుమంటుంది, "లిఫ్ట్ కిట్టు చెత్తది" అంటారు. బోల్టులు వదులుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద దించి, నాలుగుసార్లు కుదిపి, అప్పుడు బిగించాలి. అంతే.

నేల మీదికి వచ్చాక మూడు రోగాలు బయటపడతాయి. ఇరుసు పక్కకి జరిగి ఉంటుంది, ఎందుకంటే ఇరుసు పక్కకి జరక్కుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్డు ఏటవాలు పెరిగి ఇరుసుని ఛాసిస్‌కి బిగించిన కొస వైపు లాగుతుంది. సర్దుబాటు రాడ్డు వేసి మధ్యకి తేవాలి. రెండోది స్టీరింగు వంకర. డ్రాగ్ లింకు (స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు) తిప్పి సరిచెయ్యాలి, అంతేగాని స్టీరింగు చక్రం పీకి తిప్పి పెట్టకండి. అలా పెడితే బండి తిన్నగా పోతుంటే ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) మలుపు తిరుగుతోందనుకుంటుంది, తనంతట తాను బ్రేకు వేసే ప్రమాదం ఉంది. మూడోది కాస్టర్, అంటే ముందు చక్రం మలుపు తిరిగే కీలు గీత వెనక్కి వాలిన కోణం. రెండంగుళాలు లేపితే ముందు ఆర్ములు కిందికి వాలి కాస్టర్ రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చు. అప్పుడు స్టీరింగు తనంతట తాను మధ్యకి రాదు, బండి తాగినోడిలా ఊగుతుంది. అరవై ఎనభై మధ్య ఒక గుంట తగిలితే ముందు చక్రాలు రెండూ దడదడలాడతాయి. చాలామంది దానికి స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపు మింగే షాకు) వేసి నొక్కేస్తారు. జ్వరం వస్తే థర్మామీటరు పగలగొట్టినట్టు! కాస్టర్ సరిచేసే బుష్షులు వేసి, ఎలైన్‌మెంట్ చేయించి, ముందు చక్రాలు మలుపు తిరిగే కింగ్‌పిన్ బేరింగులు చూసుకోవాలి. హెడ్‌లైట్ల వెలుగు కూడా కిందికి దించండి, ఎదురొచ్చే లారీ డ్రైవరు మిమ్మల్ని దీవిస్తాడు.

థార్ వాళ్ళకి ఒక ముక్క. కొత్త థార్ ముందు సస్పెన్షన్ వేరు, దానికి స్ప్రింగు పైన అంగుళం బిళ్ళ పెడితే చక్రం దగ్గర అంగుళం కంటే ఎక్కువే లేస్తుంది. చక్రాన్ని తిప్పే సీవీ షాఫ్టు రబ్బరు బూటు మడతలు చూసుకోండి. జిప్సీ వాళ్ళు కమాను కట్టలు విప్పితే పాత యూ బోల్టులు మళ్ళీ వేయకండి, అవి ఒకసారి సాగాయి, ఇంక పట్టవు. చాలు, మళ్ళీ జిమ్నీకి వద్దాం.

చట్టం సంగతి కూడా ఒక్క నిమిషం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, బండిని ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడాగా మార్చకూడదు అంటుంది. 2019 సవరణ తర్వాత 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లిఫ్ట్ ఒకటి, స్పేసర్లు ఒకటి, టైర్లు ఒకటి, మీరే లెక్కేసుకోండి. ప్రమాదం అయితే బీమావాడు ఏం చూస్తాడో వేరే చెప్పక్కర్లేదు. తెలిసి వేయించుకునేవాళ్ళతోనే మాట్లాడుతున్నాను.

మళ్ళీ ఆ ఇరవైకి. స్పేసర్ వేసిన యాభై, వంద కిలోమీటర్ల మధ్య నాలుగు చక్రాలూ విప్పండి. లోపలి నట్లు టార్క్ రెంచ్‌తో ఒక్కొక్కటి చూడండి. తర్వాత అయిదొందలకి మళ్ళీ. ఏదైనా నట్టు తిరిగిందంటే దాన్ని బిగించి వదిలేయకండి, ఆ స్పేసర్ విప్పి ముఖం చూడండి. నట్టు కూర్చునే చోటు నుంచి ఎర్రటి తుప్పు గీత కిందికి కారి ఉందా? స్పేసర్ అంచున నల్లటి పొడి ఉందా? అది అల్యూమినియం, అక్కడ స్పేసర్ కదులుతోంది అని అర్థం. నిదానంగా పోతూ మలుపు తిప్పితే టక్ టక్ మని వినిపిస్తే అక్కడే ఆపండి, జయపురం దాకా వెళ్ళి చూపిద్దాం అనుకోవద్దు.

విప్పినవాళ్ళు కామెంట్లో ఒక్క అంకె రాయండి. ఇరవైలో ఎన్ని తిరిగాయి?